ఎమ్‌కీ వీకీ మధ్య

ఆసుపత్రిలో ఆమెకు పెట్టిన పేరు యూనిట్లమ్మ. ఎదురుగా ఎవరూ అనరు గాని ఆమెకు తెలుసు. రేడియేషన్ విభాగంలో ఆమె ఫిజిసిస్టు. ఏ రోగికి ఏ కిరణం, ఎంత శక్తితో, ఎంతసేపు పడాలో లెక్క కట్టేది ఆమే. అంకె పక్కన యూనిట్ లేని కాగితాన్ని బల్ల మీద ఒక్క క్షణం నిలవనిచ్చేది కాదు. "పన్నెండు అని రాశారు. పన్నెండు ఏమిటి? సెంటీమీటర్లా, నిమిషాలా, వంకాయలా?" అని ఎర్ర సిరాతో రాసి వెనక్కి పంపేది.

గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆ బల్ల మీద నలభై మూడు కార్డులు ఉన్నాయి. ముందురోజు రికార్డుల కంప్యూటరు మొరాయించింది. మామూలుగా ప్రతి రోగి వివరాలూ అందులోంచే మిషనుకు వెళతాయి. ఏదైనా తేడా ఉంటే మిషను కదలనే కదలదు. అది లేదని అంతమంది జబ్బు మనుషుల్ని వెనక్కి పంపలేక, పాతరోజుల్లోలా చేతిరాత కార్డులతో సిట్టింగులు ఇచ్చేశారు. ఆ కార్డులన్నీ గంటన్నరలో ఆమె ఒక్కతే రాసింది. ఇప్పుడు కంప్యూటరు బాగైంది కాబట్టి నిన్నటి వివరాలు అందులోకి ఎక్కిస్తోంది.

పందొమ్మిదో కార్డు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

అది కాటా పెద్దాయన కార్డు. లారీలు తూచే కాటా దగ్గర ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి దిగిపోయిన మనిషి. ఎడమ కణత మీద రూపాయి బిళ్లంత పుండు, చర్మం కేన్సరు. ఇరవై సిట్టింగుల్లో నిన్నటిది తొమ్మిదోది. కార్డు మీద శక్తి అన్న గడిలో ఆరు, ఎమ్, వి అని ఉంది. ఎమ్‌కీ వీకీ మధ్య ఉండవలసిన చిన్న 'ఇ' లేదు.

రాత తనదే. వి చివర పైకి లేచే తోక కూడా తనదే.

ఆ 'ఇ' ఉంటే మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. మిషనులోంచి ఎలక్ట్రాన్లు వస్తాయి, చర్మంలోకి ఒకటి రెండు సెంటీమీటర్లు దిగి, మూడు దాటకుండా చతికిలబడతాయి. పుండుకు కావలసింది అదే. 'ఇ' లేకపోతే ఆ విభాగంలో అందరికీ తెలిసిన అర్థం ఒక్కటే: ఎక్స్‌రే కిరణాలు. అవి పుండు దగ్గర ఆగవు. పైనున్న చర్మాన్ని పెద్దగా పట్టించుకోకుండా లోపలికి దూరి, కంటి వెనక నుంచి, మెదడు మీదుగా, అవతలి కణతలోంచి బయటికి పోతాయి.

కార్డు కింద సంతకం బావగారిది. ఆయన యాభై దాటిన టెక్నీషియన్. ఎవరిని పలకరించినా చెల్లెమ్మా, మరిదిగారూ అంటూ వరస కలిపేస్తాడు కాబట్టి ఆసుపత్రి మొత్తానికి బావగారైపోయాడు. ఎక్స్‌రేలు మాత్రమే వచ్చే పాత మిషను ఆయనది. నిన్న ఈ మిషను చూసుకునే అమ్మాయి సెలవు పెడితే బదులు వచ్చాడు.

ఆమె లేచి మిషను గదికి వెళ్లింది. ఎలక్ట్రాన్లు ఇవ్వాలంటే మిషను తలకు కోను తగిలించాలి. అది చర్మం దాకా వస్తుంది. పెద్దాయన పుండు ఆకారానికి కోసిన సీసపు రేకును ఆ కోను చివర అమర్చాలి. రేకు సొరుగులో తన చోట ఉంది. నిన్న తీసి మళ్లీ పెట్టారో, అసలు తీయనే లేదో సొరుగు చెప్పదు కదా. మిషను తన పని రాసిపెట్టుకునేది కూడా ఆ కంప్యూటర్లోనే. బుధవారం పేజీ ఖాళీ.

బావగారికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆయన డ్యూటీ మధ్యాహ్నం నుంచి. మళ్లీ చేసింది. గదిలోకి వెళ్లి కూర్చుంది, లేచింది. నీళ్లు తాగింది. వరండా చివరిదాకా నడిచి, ఎందుకు వచ్చిందో తెలియక తిరిగొచ్చింది. కోను తగిలించే ఉంటాడు, తలకాయ ఉన్నవాడెవడైనా తగిలిస్తాడు అనుకుంది. వెంటనే, కార్డులో కోను సంగతి ఎక్కడుంది అనుకుంది. ఆ పాత కార్డుల్లో దానికి గడే లేదు. తొమ్మిదిన్నర అయ్యేసరికి పద్నాలుగుసార్లు ఫోన్ చేసింది.

పెద్దాయన సిట్టింగు పదకొండుకి. కానీ ఎప్పుడూ ఓ గంట ముందే వచ్చి కూర్చుంటాడు, వెంట వాళ్ల అక్క. ఆయనకి అరవై ఆరు, ఆవిడకి డెబ్బై రెండు. తమ్ముణ్ణి ఇంకా చెయ్యి పట్టుకునే రోడ్డు దాటిస్తుంది.

పది గంటలకి ఇద్దరూ హాల్లో కనిపించారు. ఆమె వెళ్లి పక్క కుర్చీలో కూర్చుంది.

"నిన్న ఎలా జరిగిందండీ?"

"ఏముందమ్మా, పడుకున్నాను, లేచాను" అన్నాడు పెద్దాయన. "నిన్నే హాయిగా ఉంది. రోజూ ఆ పెట్టెలాంటిది తెచ్చి మొహానికి ఆనిస్తారు చూడండి, నిన్న అది పెట్టలేదు. మిషను దూరంగానే ఉంది."

"పెట్టలేదా?"

"లేదు. తగ్గుముఖం పట్టినట్టుంది, అందుకే దూరం జరిపారు అని అక్కకి చెప్పాను."

"దారి పొడుగునా అదే మాట" అంది అక్క. "తగ్గిపోయిందే, తగ్గిపోయిందే అని. ఊళ్లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు కూడా చేశాడు."

ఆమె నవ్వబోయింది గాని మొహం సహకరించలేదు. "ఒక్క పది నిమిషాలు కూర్చోండి. ఇవాళ నేను పిలిచేదాకా లోపలికి వెళ్లకండి" అని చెప్పి లేచింది.

గదిలో తలుపు వేసుకుంది. కార్డు ముందు పెట్టుకుంది. జేబులో పెన్ను ఉంది. నిన్న రాసింది ఆ పెన్నుతోనే. ఎమ్‌కీ వీకీ మధ్య కావలసినంత చోటుంది. ఒక చిన్న సున్నా చుట్టి అడ్డగీత లాగితే చాలు, రెప్పపాటు పని. అప్పుడు కార్డు సరైనదవుతుంది, తప్పు చదివినవాడిదవుతుంది. బావగారు కాంట్రాక్టు మనిషి. ఆయన తరఫున అడిగేవారు ఉండరు. ఆమె పెన్ను మూత తీసింది. అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. ఆలోచన రావడమే కాదు, చెయ్యి కార్డు దాకా వెళ్లిందని తరవాత చాలాకాలం తనని తాను తిట్టుకుంది. చివరికి కార్డుకు నకలు తీసింది. అసలు కార్డు తన దగ్గర ఉంటే తనను తాను నమ్మలేననిపించి, దాన్ని పట్టుకుని పెద్ద డాక్టరు గదికి దాదాపు పరుగెత్తింది.

పెద్ద డాక్టరు కార్డును రెండుసార్లు చూశాడు. "నువ్వు రాసిందేనా?"

"నేనే."

"సరే, కూర్చో. ఒక్క సిట్టింగు. మెదడు ఆ మాత్రం తట్టుకుంటుంది. కంటికి మాత్రం..." కార్డు మీద కొలతలు మరోసారి చూశాడు. "కంట్లో కటకానికి కొంత తగిలి ఉంటుంది. ఎప్పుడో శుక్లం వస్తే రావచ్చు. ఆ వయసులో ఎలాగూ వచ్చేదే. నిన్నటిది లెక్కలోంచి తీసేసి మిగతా సిట్టింగులు సరిగ్గా ఇద్దాం."

"ఆయనకి చెప్పాలి సార్."

"చెప్పి ఏం చేస్తావు? ఆయనకి నిద్ర లేకుండా చెయ్యడం తప్ప. రిపోర్టు రాద్దాం, కాదనను. టెక్నీషియన్ సరిచూసుకోలేదు అని రాద్దాం. అది నిజమే కదా. కణత మీద పుండుకి ఎక్స్‌రే ఏమిటని అడగొద్దూ ఆయన?"

ఆ మాటకి ఆమె జవాబు చెప్పేలోగా తలుపు తెరుచుకుంది. బావగారు. చొక్కా గుండీలు సగమే పెట్టుకుని ఉన్నాడు. "ఫోన్ ఇంట్లో వదిలి బజారుకెళ్లాను మేడమ్. చూసుకుంటే పద్నాలుగు మిస్డ్ కాల్స్. ఏం కొంప మునిగిందో అని ఆటో ఎక్కేశాను" అన్నాడు రొప్పుతూ.

ఆమె కార్డు చూపించింది. ఆయన చదవలేదు. చదవనవసరం లేనట్టు చూశాడు.

"కాటా పెద్దాయన" అన్నాడు. "కోను పెట్టలేదు మేడమ్. కార్డులో ఉన్నట్టే ఇచ్చాను."

"అనుమానం రాలేదా మీకు?" అని అడిగాడు డాక్టరు.

"వచ్చింది సార్. కార్డు పట్టుకుని మేడమ్ గది దాకా వెళ్లాను కూడా. తలుపు దగ్గర నిలబడి వెనక్కొచ్చేశాను."

"ఎందుకు?" అంది ఆమె.

"మీరు రాసింది కదా." ఆయన నేల చూపులు చూశాడు. "కిందటేడు ఒకసారి అడిగాను మిమ్మల్ని. ఏదో కొలత సంగతి. చదవడం వచ్చా మీకు అన్నారు, నలుగురిలో. అప్పుడు తప్పు నాదే, కాదనను. కానీ ఆ తరవాత మీ తలుపు తట్టాలంటే కాళ్లు రావు మేడమ్. యూనిట్లు తప్పు రాసే మనిషి కాదు, నాకే ఏదో తెలియదు కాబోలు అనుకున్నాను."

ఆమెకు ఆ రోజు గుర్తే లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. ఎన్నిసార్లు ఎంతమందిని అలా అని ఉంటే, ఒక్కటీ విడిగా గుర్తుండదు మరి.

"రిపోర్టు నేను రాస్తాను సార్" అంది. "మొదటి వాక్యం నా గురించి రాస్తాను. అనుమానం వచ్చినా అడగలేకపోయాడన్నది, ఎందుకు అడగలేకపోయాడన్నది కూడా రాస్తాను. ముందు ఆయనకి చెప్పి వస్తాను."

డాక్టరు కార్డును బల్ల మీద పెట్టి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "నేనూ వస్తాను పద" అన్నాడు చివరికి.

అక్కాతమ్ముళ్లను చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఆమె డొంకతిరుగుడుగా మాట్లాడలేదు. నిన్న తప్పుడు కిరణం ఇచ్చామని, కార్డు రాసింది తనేనని, ఒక అక్షరం వదిలేశానని చెప్పింది. కోను లేకపోవడం తగ్గుముఖం పట్టి కాదని కూడా చెప్పింది. అది చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.

అక్కే ముందు తేరుకుంది. "ఒక్క అక్షరానికి అంత తేడా ఉంటుందా?"

"ఉంటుందమ్మా. అసలు కిరణమే మారిపోతుంది."

"ఆ అక్షరం ఏంటి?" అన్నాడు పెద్దాయన. మాట పొడిగా ఉంది.

"ఎలక్ట్రాన్‌ని సూచించే అక్షరమండీ. ఒక ఎలక్ట్రాన్ ఒక్క వోల్టు మెట్టు దిగితే దానికి వచ్చే శక్తి ఎంతో, అది ఒక ఎలక్ట్రాన్ వోల్టు. మీ పుండుకి అలాంటివి అరవై లక్షలు ఉన్న ఎలక్ట్రాన్లు కావాలి."

"అరవై లక్షలా!" అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది.

"వినడానికే పెద్దదమ్మా. ఒక్క నువ్వుగింజ వేలెడు ఎత్తు నుంచి కింద పడితే, అందులో అలాంటి ఎలక్ట్రాన్లు కొన్ని లక్షల శక్తి ఉంటుంది. ఒక్కోటి అంత చిన్నది. కానీ మనం పంపేవి కోట్లకు కోట్లు. అందుకే అవి ఎక్కడ ఆగుతాయన్నది ముఖ్యం. ఎలక్ట్రాన్లు ఇంతలో ఆగిపోతాయి." వేలి కొసను చూపించింది. "నిన్న వెళ్లినవి ఆగలేదు."

"ఎందాకా వెళ్లాయి?"

ఆమె తన ఎడమ కణత మీద ఒక వేలు, కుడి కణత మీద ఒక వేలు పెట్టింది.

పెద్దాయన ఆ రెండు వేళ్లనూ చూశాడు. డాక్టరు అందుకుని మెదడు గురించి, కన్ను గురించి, ఎంత ప్రమాదం ఉందో ఎంత లేదో నెమ్మదిగా చెప్పాడు. పెద్దాయన అంతా విన్నాడు. లేచి, సంచిలోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు.

"ఇవాళ పడుకోను నేను ఆ మిషను కింద" అన్నాడు. "పద అక్కా."

శుక్రవారం ఆయన రాలేదు. పదకొండు గంటలప్పుడు ఆమె హాల్లోకి నాలుగుసార్లు వెళ్లి చూసింది. సిట్టింగుల మధ్య ఖాళీ ఎక్కువైతే లోపల మిగిలిన కేన్సరు కణాలు మళ్లీ పుంజుకుంటాయి. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో. ఫోన్ చేస్తే అక్క ఎత్తి, "వాడు మాట్లాడడట" అని పెట్టేసింది. ఆమె ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. మిగతా నలభై రెండు కార్డులూ ముందే ఐదుసార్లు చూసింది. పక్క ఆసుపత్రి ఫిజిసిస్టును పిలిచి చూపించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా కుదురు లేదు. బస్సులో ఎదుటి సీటు వెనక రాసి ఉన్న అక్షరాలను కూడా లెక్కపెడుతూ వచ్చింది.

శనివారం పొద్దున్నే బావగారితో కలిసి పెద్దాయన ఇంటికి బయలుదేరింది. తనూ వస్తానన్నది బావగారే. సైకిల్ షాపు మీద రెండో అంతస్తు. మెట్లు ఎంత ఇరుకంటే ఒకరి వెనక ఒకరు ఎక్కాలి. తలుపు తీసిన అక్క వాళ్లని ఎగాదిగా చూసి పక్కకు తప్పుకుంది.

పెద్దాయన కిటికీ దగ్గర ఉన్నాడు. కూర్చోమనలేదు.

"తప్పులు అందరూ చేస్తారు, పోనీలెమ్మా అని అంటాననుకుని వచ్చారేమో. అనను" అన్నాడు. "ముప్పై ఒక్క ఏళ్లు కాటా దగ్గర చేశాను. రోజుకి రెండొందల లారీలు. టన్ను రాయాల్సిన చోట ఒక్కసారైనా క్వింటాలు రాయలేదు. వర్షంలో, జ్వరంలో, ఏ రోజూ రాయలేదు. నేను చెయ్యని తప్పు మీరెందుకు చెయ్యాలి?"

"చెయ్యకూడదు" అంది ఆమె.

"అబ్బో, చెయ్యని తప్పట!" అంది అక్క వంటగది గుమ్మంలోంచి. "నీ పెళ్లి కార్డులో నెల తప్పు వేయించిందెవడురా? సగం మంది చుట్టాలు నెల పోయాక ముస్తాబై దిగారు. అప్పటికి మీ ఆవిడ నీతో రెండుసార్లు అలిగి పుట్టింటికి కూడా వెళ్లొచ్చింది."

బావగారికి నవ్వు ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా భుజాలు ఊగిపోయాయి. పెద్దాయన ఆయన వైపు కోపంగా చూశాడు, తరవాత అక్క వైపు చూశాడు.

"అది అచ్చువాడి తప్పు."

"అచ్చువాడికి రాసిచ్చింది నువ్వు."

కింద సైకిల్ షాపులో ఎవరో రిమ్ము మీద సుత్తితో కొడుతున్నారు. చివరికి పెద్దాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"నేను రాకపోతే ఏమవుతుంది? నిజం చెప్పండి."

"పుండు మళ్లీ పెరుగుతుంది. ఎముక దాకా వెళ్లొచ్చు. అప్పుడు కోతే గతి. కన్ను కూడా దక్కకపోవచ్చు."

"వస్తే?"

"ఇంకా పన్నెండు సిట్టింగులు. పుండు మానే అవకాశం చాలా ఉంది. కంటి సంగతి మాత్రం మాటివ్వలేను."

"అయితే ఒక షరతు. రోజూ ఆ కార్డు నా చేతికివ్వాలి. ఎమ్‌లూ వీలూ కాదు, ఎలక్ట్రాన్ అని మన అక్షరాల్లో పూర్తిగా రాయాలి. ముందు ఈయన పైకి చదవాలి" అని బావగారిని చూపించాడు. "తరవాత నేను. మేమిద్దరం సరే అన్నాకే మిషను వెయ్యాలి. ఈయనకి అనుమానం వస్తే మీరు కోప్పడకూడదు."

ఆ చివరి మాట ఆయనకి ఎవరు చెప్పారో ఆమె అడగలేదు. బావగారు గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చూస్తున్నాడు.

సోమవారం నుంచి ఆయన వచ్చాడు. పన్నెండు రోజులూ కార్డు పైకి చదివించుకున్నాడు. మూడో రోజుకి పక్క కుర్చీల్లో వాళ్లు కూడా మా కార్డు ఏదీ, మాకూ చదవండి అని మొదలుపెట్టారు. హాల్లో పని ఆలస్యమై పెద్ద డాక్టరు విసుక్కున్నాడు గాని వద్దనలేదు. విచారణ జరిగింది. ఆమెకు లిఖితపూర్వకంగా హెచ్చరిక వచ్చింది. మూడు నెలలు ఆమె రాసిన ప్రతి లెక్కనూ ఇంకొకరు తిరగచూశారు. బావగారి ఉద్యోగం పోలేదు. చేతిరాత కార్డులు తీసేసి, కిరణం పేరు పూర్తిగా అచ్చు వేసిన కాగితాలు పెట్టారు, కోనుకు వేరే గడితో సహా. ఆమె గది తలుపు తెరిచే ఉంచడం అలవాటు చేసుకుంది. మొదట్లో ఎవరూ రాలేదు. పిలిచినా వచ్చేవారు కారు. అడగడానికి మనుషులు మళ్లీ అలవాటు పడటానికి ఆరు నెలలు పట్టింది.

పుండు మానింది. కణత మీద తెల్లటి మచ్చ మిగిలింది.

ఏడాదిన్నర తరవాత ఒక ఉదయం పెద్దాయన కంటి పరీక్ష కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఎడమ కంటి కటకం అంచున మసక మొదలైందని రాసి ఉంది. కుడి కంట్లో లేదు.

"నిన్న బస్సు నంబరు చదవలేకపోయాను" అన్నాడు. "ఇది వయసుదా, ఆ రోజుదా?"

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఆ రోజు కంటికి ఎంత తగిలి ఉంటుందో లెక్క కట్టి, యూనిట్‌తో సహా నోటికి వచ్చేంతగా గుర్తు పెట్టుకున్న అంకె ఒకటుంది. ఆ అంకె ఆయన ప్రశ్నకు జవాబు కాదు.

"ఒక్క కన్నుకే వచ్చింది కాబట్టి నా అనుమానం ఆ రోజుదనే" అంది. "కానీ ఖాయంగా చెప్పలేనండీ. చెప్పగలిగిన వాళ్లు ఎవరూ లేరు."

పెద్దాయన తల పంకించాడు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆపరేషన్ ఎప్పుడో, ఎన్నాళ్లు మంచాన ఉండాలో, కట్టు విప్పేదాకా కళ్లజోడు పనికొస్తుందో లేదో అడిగాడు. ఆమె తనకు తెలిసినవి చెప్పింది, తెలియనివి కంటి డాక్టరును అడగమంది. అక్కకి ఈమధ్య మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగడం లేదని ఆయన అన్నాడు.

రోడ్డు దాకా ఆమె కూడా వెళ్లింది. దూరంగా బస్సు వస్తోంది.

"ఎంతో చూసి చెప్పండి" అన్నాడు.

ఆమె నంబరు చదివింది. ఆయనది అది కాదు. ఇద్దరూ తరవాతి దాని కోసం నిలబడ్డారు.